పాత బ్లాక్‌కి పది నిమిషాల గడువేంటి?

గుండె నాళాల్లోకి గొట్టం పంపి చూసే క్యాథ్‌ల్యాబ్ తలుపు దగ్గర పెన్ను చేతికిచ్చి "వంద శాతం బ్లాక్, వెంటనే సంతకం పెట్టండి" అనే పద్ధతి ఆగాలి. మా నెల్లూరు, ఒంగోలు వైపు ఎంతోమంది నోట ఇదే విన్నాను. మా ఇంట్లో కళ్లారా చూశాను. కోపంతోనే రాస్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోవడం రెండు రకాలు. ఉన్నట్టుండి రక్తం గడ్డకట్టి మూసుకుపోతే అది హార్ట్ ఎటాక్. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేయి లాగడం. అప్పుడు ప్రతి నిమిషం విలువైనదే. కావలిలో ఉన్నా కనిగిరిలో ఉన్నా దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తాలి, డాక్టరు సంతకం అడిగితే పెట్టేయాలి. రెండోది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పూడుకుపోయి, కనీసం మూడు నెలల నుంచి పూర్తిగా మూసుకుని ఉన్న నాళం. దీన్ని డాక్టర్లు సీటీఓ (క్రానిక్ టోటల్ అక్లూజన్) అంటారు. నా గొడవంతా ఈ రెండోదాని గురించే.

మా చిన్నాన్న పొగాకు రైతు. కందుకూరు దగ్గర పల్లె. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దాకా నడిస్తే చాలు ఆయాసం, గుండెల్లో బరువు. యాంజియోగ్రామ్‌కి తీసుకెళ్లాం. మనిషి ఇంకా టేబుల్ మీదే ఉన్నాడు. ఒకాయన బయటికొచ్చి, "కుడివైపు నాళం వంద శాతం మూసుకుపోయిందమ్మా, ఇప్పుడే స్టెంట్ వేసేస్తాం, పది నిమిషాల్లో చెప్పండి" అన్నాడు. మా చిన్నమ్మ బడికి పోయిన మనిషి కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే మాట అడిగింది: "సంక్రాంతి ముందు నుంచి ఆయాసమంటానే ఉండాడు నాయనా. ఇన్ని నెలలు ఆగింది, ఒక్క పూట ఆగదా?" ఆయన దగ్గర జవాబు లేదు. "మీ ఇష్టం, తర్వాత మమ్మల్ని అనొద్దు" అని లోపలికెళ్లిపోయాడు. ఆమె సంతకం పెట్టలేదు.

తర్వాత వేరే డాక్టరు గారు ఆ యాంజియోగ్రామ్ సీడీని కంప్యూటర్లో వేసి మా అందరికీ చూపించారు. నాళం ఎక్స్‌రేలో కనబడటానికి కుడివైపు వదిలిన మందు సగం దూరం పోయి తెగ్గోసినట్టు ఆగిపోయింది. ఎడమ నాళంలోకి మందు వదిలినప్పుడు మాత్రం, కాసేపటికి మెలికలు తిరిగిన సన్నటి నాళాల్లోంచి కుడివైపు అడుగు భాగం మెల్లగా కనిపించింది. పెద్ద కాలువ పూడిపోతే పక్క కాలువ నుంచి పిల్లకాలువల్లో నీళ్లొచ్చి పైరు ఎండకుండా కాపాడతాయి చూడండి, అలా. ఆ రక్తం కూర్చున్నప్పుడు సరిపోతుంది, నడిస్తే సరిపోదు. ఆయాసం అందుకే. ఇది చెప్పడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. మొదటి చోట ఈ మాత్రం ఎందుకు చెప్పలేకపోయారు?

అలాగని ఈ చికిత్స వద్దని నేననడం లేదు. దాన్ని చూస్తే నాకు నిజంగా గౌరవం. మామూలు బ్లాక్‌లో ఎంతో కొంత సందు ఉంటుంది, వైరు దూరుతుంది. ఇక్కడ సందే లేదు. 0.014 అంగుళాల మందం వైరు, దానికి ఆసరాగా మైక్రోక్యాథెటర్ అనే సన్నటి గొట్టం. ముందు నుంచి దారి దొరకకపోతే నాళం గోడ పొరల మధ్య నుంచి పోయి బ్లాక్ దాటాక మళ్లీ లోపలికి రావాలి. అదీ కుదరకపోతే ఆ సన్న నాళాల గుండా చుట్టూ తిరిగి వెనక నుంచి రావాలి. ఈ వెనక దారిని పదునుపెట్టడంలో జపాన్ డాక్టర్లది పెద్ద చెయ్యి. గంటల తరబడి పట్టే పని ఇది. చెయ్యి తిరిగిన చోట పదిలో ఎనిమిది, తొమ్మిది కేసుల్లో తెరుచుకుంటుంది. నాళానికి చిల్లుపడి గుండె చుట్టూ రక్తం చేరే ప్రమాదం కూడా ఉంటుంది. ఇంత పనిని ఎవరైనా అప్పటికప్పుడు మొదలుపెడతారా? 2019లో అనేక దేశాల సీటీఓ నిపుణులు కలిసి చెప్పిన సూత్రాల్లో మొదటిది, బాధ తగ్గించడమే దీని ప్రధాన ఉద్దేశమని. రెండోది, రెండు వైపులా ఒకేసారి మందు వదిలి తీసిన యాంజియోగ్రామ్‌ని తీరిగ్గా పరిశీలించాలని.

"తెరవకపోతే మనిషి దక్కడు" అని భయపెట్టడం ఇంకా అన్యాయం. 800 మందికి పైగా రోగులతో చేసి 2019లో ప్రచురించిన డెసిషన్ సీటీఓ అధ్యయనంలో, మరణాలు, గుండెపోట్లు, పక్షవాతం వగైరా కలిపి చూస్తే మందులతో ఉన్నవాళ్లకూ తెరిపించుకున్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2018 నాటి యూరో సీటీఓ అధ్యయనంలో మాత్రం తెరిపించుకున్నవాళ్లకు ఛాతీనొప్పి బాగా తగ్గింది. అంటే మందులు సరిగ్గా వాడినా బాధ తగ్గకపోతే చేయించుకోవడానికి గట్టి కారణం ఉన్నట్టే. షుగర్ ఉండి, మూడు నాళాలూ పాడైతే బైపాస్ మాట కూడా అడగాలి. చిన్నాన్నకి మందులు మార్చినా నడక కుదరలేదు. అప్పుడు ముందే రోజు అనుకుని, మణికట్టు నుంచి ఒక గొట్టం, తొడ నుంచి ఒక గొట్టం పెట్టి చేశారు. తెరుచుకుంది. ఈ సీజన్‌లో బ్యారన్ దగ్గర రాత్రి కాపలా ఆయనదే.

మా ప్రాంతం వాళ్లకు ఇంకో సంగతి. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి బతికిన జనం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా చూసిన ఊళ్లు. యాంజియోగ్రామ్‌లో వదిలే మందు కిడ్నీల మీద పడుతుంది, సీటీఓకి అది మామూలు కంటే ఎక్కువే కావాలి. పొద్దున ఒక మోతాదు పోయిన ఒంట్లోకి అదే పూట ఇంకో పెద్ద మోతాదు పంపే ముందు, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఎంతో అడగండి. చూడలేదంటే ఆ రోజు వద్దనండి.

డబ్బు సంగతీ ముందే మాట్లాడుకోవాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్‌కి గరిష్ఠ ధర 29,600 రూపాయలని నిర్ణయించింది. ఆ తర్వాత సవరణలు జరిగాయి. కానీ ఆ పరిమితి స్టెంట్‌కే. సీటీఓలో వైర్లు, బెలూన్లు, మైక్రోక్యాథెటర్లకే బోలెడంత అవుతుంది. వైరు దాటకపోతే స్టెంట్ వేయరు, బిల్లు మాత్రం వస్తుంది. అందుకని ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు మీద ఏది వస్తుంది, ఏది రాదు, పని ఫలించకపోతే ఎంత కట్టాలి, ఆ డాక్టరు ఇలాంటివి ఏటా ఎన్ని చేస్తారు, ఇవన్నీ కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పాలి. ఖర్చు కాగితం మీద రాసివ్వాలి. సంతకం ఆ తర్వాతే అడగాలి.