పెరటి గుంతలూ ఒక ఫార్వర్డూ

ఇంగ్లండ్ పల్లెల్లో ఊరివాళ్లే పెరళ్లలో పురావస్తు తవ్వకాలు చేస్తున్న ఫొటోలు పెట్టి, కింద ఇలా రాసిన పోస్టు ఒకటి తెగ తిరుగుతోంది: “మామూలు జనాన్ని దించితే ఆధారాలన్నీ పాడవుతాయి. దొరికింది జేబులో వేసుకుంటారు. పనికొచ్చేదేమీ తేలదు. అయినా అక్కడ చెల్లితే మన ఊళ్లోనూ మనమే తవ్వుకోవచ్చు.” మొదటి మూడు మాటలూ తప్పు. నాలుగోది ప్రమాదం.

“ఆధారాలు పాడవుతాయి.” కుండ పెంకు ఏ లోతులో దొరికిందో రాయకపోతే, తవ్వింది పీహెచ్‌డీ చేసినవాళ్లయినా అది చెత్తే. పెరటి గుంత పద్ధతంతా ఆ రాత చుట్టూనే నడుస్తుంది. గుంత మీటరు పొడవు, మీటరు వెడల్పు. నాలుగు మేకులు కొట్టి తాడు లాగి కర్ణం కొలుస్తారు, 1.41 మీటర్లు రాకపోతే మూలలు తప్పినట్టే. పచ్చికను పలకలుగా కోసి, తీసిన వరసలోనే పక్కన పేరుస్తారు. ఆపైన 10 సెంటీమీటర్ల చొప్పున దిగుతారు. పొరకు 100 లీటర్ల మట్టి, అదంతా 10 మిల్లీమీటర్ల కన్నున్న జల్లెడలో పడాల్సిందే. పొరకో సంచి, దాని మీద చెరగని మార్కరుతో గుంత నంబరూ పొర నంబరూ. మట్టి రంగు, జిగట, బొగ్గు, రాళ్లు రాయడానికి పొరకో ఫారం. గోడో మనిషి ఎముకో కనబడితే తాపీ కింద పెట్టి, పక్కనే ఉండే నిపుణుల్ని పిలవాలి. 1.2 మీటర్ల దగ్గర ఆపేస్తారు. అంతకు మించితే గుంత గోడలు విరిగి మీద పడొచ్చు.

తప్పులు జరగవా అంటే, జరుగుతాయి. అడుగు చదునుగా కాక గిన్నెలా లోతయితే మూడో పొర పెంకు రెండో పొర సంచిలోకి వెళ్తుంది. గోడను లోపలికి తొలిస్తే పైమట్టి జారుతుంది. బంకమట్టిని చేత్తో చిదమాలి; విసుగొచ్చి ముద్దలు పారేస్తే పెంకులూ పోతాయి. అయితే ఇలాంటివి చాలావరకు పట్టుబడతాయి. ఇంగ్లండ్‌కు పొగాకు చేరింది 16వ శతాబ్దంలో. మధ్యయుగపు పెంకుల సంచిలో తెల్లమట్టి చుంగాణీ (పొగాకు పీల్చే గొట్టం) ముక్క కనబడిందంటే, ఆ పొరను కుందేలు తవ్విందో, గోడ జారిందో అని సంచి తెరిచినవాళ్లకు తెలిసిపోతుంది. నిజమైన లోపం ఇంకొకటుంది: అసలు మట్టి పొరలు 10 సెంటీమీటర్ల లెక్కన పేరుకోవు. అది పద్ధతి లోపం, ఎవరు తవ్వినా ఉంటుంది.

“జేబులో వేసుకుంటారు.” ఏం వేసుకుంటారు? దొరికేవన్నీ గోళ్లంత పెంకులు, తుప్పు మేకులు, ఎముక ముక్కలు. బంగారం, వెండి పాత వస్తువులు దొరికితే 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం 14 రోజుల్లో కరోనర్‌కు (అలాంటి వాటిపై విచారణ జరిపే అక్కడి అధికారికి) చెప్పాలి.

“పనికొచ్చేదేమీ తేలదు.” పురావస్తు శాస్త్రవేత్త కరెంజా లూయిస్ నేతృత్వంలో తూర్పు ఇంగ్లండ్‌లోని 55 ఊళ్లలో దాదాపు 2,000 గుంతలు తవ్వారు. తవ్విన చేతులు ఎక్కువగా ఊరివాళ్లవీ, బడిపిల్లలవీ. 1348-49 ప్లేగు మహామారి తర్వాత అక్కడ కుండల వాడకం సుమారు 45 శాతం పడిపోయిందని ఆ పెంకుల లెక్క చెప్పింది, 2016లో ప్రచురించారు. ఈనాటికీ జనం కాపురముంటున్న ఊళ్లలో ఒకే పెద్ద ట్రెంచి తవ్వే చోటెక్కడ? పెరటికో గుంత వేస్తేనే ఈ లెక్క వస్తుంది.

“మన ఊళ్లోనూ తవ్వుకోవచ్చు.” కుదరదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల, పురావస్తు స్థలాల చట్టం ప్రకారం పురావస్తు తవ్వకానికి రాష్ట్ర ప్రభుత్వం కూడా కేంద్రం ముందస్తు ఆమోదం తీసుకోవాలి. మట్టిలో దాగి 10 రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి గుప్తనిధుల చట్టం. గుప్తనిధుల వాళ్లు గుళ్లను పెకలిస్తున్న చోట ఆ ఫార్వర్డు చివరి వాక్యం ఎవరికి ఊతమిస్తుందో ఊహించుకోండి. చేయగలిగిందీ ఉంది: పాటిదిబ్బ (పాత ఊరి దిబ్బ) మట్టిని ఎరువుగా పొలాలకు తోలుతుంటే ఆపమని అడగండి. తెగిన అంచులో పెంకులు కనబడితే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఉన్నవి ఉన్నచోటే వదిలి, పురావస్తు శాఖకు పంపండి.