ఒకటో తేదీ తర్వాత ఎవరు వస్తారు?

ప్రతి నెలా ఒకటో తేదీన పొద్దు పొడిచే వేళకే వార్డు సచివాలయ సిబ్బంది పింఛను సొమ్ముతో గడప ముందు నిలబడడం విశాఖపట్నంలో ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. వృద్ధులకు, వితంతువులకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, డయాలసిస్ చేయించుకుంటున్న కిడ్నీ రోగులకు 10,000, పూర్తిగా మంచం పట్టినవారికి 15,000 అందుతున్నాయి. 2024 జూలై నుంచి అమలవుతున్న ఈ మొత్తాలను, 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు కేంద్రం తన వాటాగా ఇస్తున్న నెలకు 200 రూపాయల పక్కన పెట్టి చూస్తే, డబ్బు విషయంలో రాష్ట్రాన్ని వేలెత్తి చూపడానికి పెద్దగా ఏమీ మిగలదు. వేలెత్తి చూపవలసింది నెలలో మిగతా 29 రోజుల గురించి. ఆ రోజుల్లో నిస్సహాయుల ఇంటికి ప్రభుత్వం తరఫున వచ్చేవారు లేరు. వాళ్లే ప్రభుత్వం చుట్టూ తిరగాలి. అలా తిరగడానికి కావలసిన ఓపిక, చదువు, ఆటో చార్జీలు ఉన్నవాడు అసలు నిస్సహాయుడే కాడన్న సంగతి మన సంక్షేమ యంత్రాంగానికి ఇంకా పట్టలేదు.

ఈ నగరంలో బలహీనుల బతుకు బాగుపడడానికి మరో కొత్త పథకం అక్కరలేదు. ప్రతి వార్డు సచివాలయంలోనూ, ఫలానా కుటుంబం నా బాధ్యత అని సంతకం పెట్టి, ఆ కుటుంబం పని పూర్తయ్యేవరకు ఫైలు మూయకుండా వెంట ఉండే, శిక్షణ పొందిన ఒక సామాజిక సేవా ఉద్యోగి కావాలి. మిగతా సంస్కరణలన్నీ దాని తర్వాతే.

ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు ఎండబెట్టే ఆడవాళ్లతో కాసేపు మాట్లాడితే ఈ మాట ఎందుకు అనవలసి వస్తోందో తెలుస్తుంది. అక్కడ ఒకావిడ రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు విప్పి చూపించింది. అందులో ఆధార్ జిరాక్సులు, రైస్ కార్డు, భర్త మరణ ధ్రువపత్రం, అంచులు ముడుచుకుపోయిన పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఏదో కౌంటరులో ఎవరో పెన్సిలుతో రాసిచ్చిన చీటీ ఉన్నాయి. మరణ ధ్రువపత్రంలో భర్త ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంది. వితంతు పింఛను ఆ తేడా దగ్గరే ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఉప్పులో నాని, రొయ్య తలలు ఒలిచి అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర ఒక పట్టాన పడదు కనుక ఆధార్ కేంద్రానికి వెళ్లిన ప్రతిసారీ అదొక అదనపు బాధ. ఒక ఉద్యోగి పేరు సరిచేయించుకు రమ్మన్నారు, మరొకరు అఫిడవిట్ అడిగారు, ఇంకొకరు సైటు పని చేయడం లేదు, వారం ఆగి రమ్మన్నారు. వాళ్లలో ఎవరినీ దుర్మార్గులనడానికి లేదు. ఎవరి మటుకు వారు తమ పని చేశారు. ఆమె పని మాత్రం ఎవరి పనీ కాలేదు. ఆమె చేపల బుట్ట దింపి కార్యాలయానికి వెళ్లిన ప్రతి పూటా కూలి పోయింది, దానికి ఏ రికార్డులోనూ లెక్క లేదు.

ఆరంచెల తనిఖీ అని పిలుచుకునే అర్హత పరీక్ష దగ్గరా ఇదే తంతు. నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడే కుటుంబం అనర్హం అన్నది అందులో ఒక నిబంధన. అరిలోవలోనో కంచరపాలెంలోనో ఒకే మీటరు మీద నాలుగు అద్దె గదులు నడిచే ఇంట్లో ఆ యూనిట్లలో ఎవరి వాటా ఎంతో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? ఎవరు ఏ కుటుంబం వారో నమోదు చేసే హౌస్‌హోల్డ్ మ్యాపింగులో తల్లి పేరు ఇంకా కొడుకు కుటుంబంతోనే ఉండి, ఆ కొడుకు ప్రభుత్వోద్యోగి అయితే, అతడు పదేళ్లుగా ఆమె ముఖం చూడకపోయినా సరే, రికార్డుల ప్రకారం ఆమె ఉద్యోగి ఇంటి మనిషే. ఆమెను వేరే కుటుంబంగా స్ప్లిట్ చేయమని బతిమాలితే ఆప్షన్ లేదంటారు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌కు వెళ్లి కొడుకు నుంచి భరణం కోరే హక్కు ఆమెకు నిస్సందేహంగా ఉంది. కానీ అలాంటిదొకటి ఉందని చెప్పి, దరఖాస్తు రాసిపెట్టి, వాయిదా రోజున పక్కన నిలబడేది ఎవరు? వృద్ధుల కోసం 14567 నంబరు ఉందని గోడ మీద రాయించడంతోనే ఆ బాధ్యత తీరిపోదు.

1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్ద దిక్కుగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) నుంచి పక్షవాతం వచ్చిన మనిషిని డిశ్చార్జి చేసినప్పుడు, ఆయనను ఇక ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ఆసుపత్రి గేటు దాటాక కుటుంబానిదే అవుతుంది. ఆయన వెళుతున్న వార్డులోని సచివాలయానికి కబురు అందితే, వైకల్యం నిర్ధారించే సదరం శిబిరంలో స్లాటు, మంచం పట్టినవారి పింఛను, ఇంటికి వచ్చి చూసే ఏఎన్ఎం, ఇవన్నీ ఆయన ఇల్లు చేరేలోపే కదలడం మొదలవుతుంది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల విషయం ఇంకా సున్నితమైనది. కుటుంబం లేదనో, కుటుంబం అంగీకరించలేదనో, సమాజంలో ఉండేందుకు చోటు లేదనో కారణం చూపి ఎవరినీ మానసిక వైద్యశాలలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. మంచి చట్టమే. అయితే కోలుకున్న మనిషి ఊరు కనుక్కొని, ఆ ఇంటివాళ్లతో ఒకటికి నాలుగుసార్లు మాట్లాడి, మందులు మానకుండా చూసే మనిషిని చట్టం తనంతట తాను పుట్టించలేదు.

నిరాశ్రయుల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. లక్ష పట్టణ జనాభాకు ఒకటి చొప్పున రాత్రింబవళ్లూ తెరిచి ఉండే ఆశ్రయాలు ఉండాలన్నది సుప్రీంకోర్టు ఆదేశాల నుంచి వచ్చిన ప్రమాణం. 2011 జనాభా లెక్కలతోనే చూసినా 17 లక్షలు దాటిన ఈ నగరానికి కనీసం 17 కావాలి. అవన్నీ ఉన్నా కూడా, ఇంటి నుంచి లెక్క మొదలుపెట్టే హౌస్‌హోల్డ్ మ్యాపింగులోకి ఇల్లే లేనివాడిని ఎక్కించడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి.

చిత్రమేమిటంటే, ఇలా పూనుకోవడానికి కావలసిన కట్టడం మన దగ్గర సిద్ధంగా ఉంది. 2019 అక్టోబర్ 2న మొదలైన సచివాలయ వ్యవస్థ పట్టణాల్లో సుమారు 4,000 జనాభాకు ఒక కార్యాలయాన్ని ఇచ్చింది. సంక్షేమ కార్యదర్శి, ఆరోగ్య కార్యదర్శి, మహిళలూ బలహీన వర్గాల రక్షణ చూసే కార్యదర్శి ఒకే కప్పు కింద కూర్చునే ఏర్పాటు దేశంలో చాలా నగరాలకు లేదు. అంత విలువైన సిబ్బందిని మనం దేనికి వాడుతున్నాం? సర్వేలకు, ఈకేవైసీలకు, జియో ట్యాగింగులకు, యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికి. ఒక సర్వే ముగియకముందే మరో సర్వే. సంక్షేమ కార్యదర్శి తన పరిధిలో ఒంటరిగా ఉంటున్న వృద్ధులెవరో చూడకుండా చెప్పగలిగితే అది ఆమె చొరవే తప్ప ఉద్యోగం ఆమెను అడిగినది కాదు.

ప్రభుత్వం తలుచుకుంటే తానే లబ్ధిదారును వెతుక్కుంటూ వెళ్లగలదని రుజువైంది కూడా. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే, భార్యకు మరుసటి నెల నుంచే పింఛను ఇచ్చే స్పౌజ్ కేటగిరీని 2024 నవంబర్ నుంచి తెచ్చారు. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో ప్రభుత్వానికి ముందే తెలుసు కనుక ఆమెను తిప్పవలసిన పని లేదన్న చిన్న ఇంగితం అందులో ఉంది. హార్బర్ దగ్గర కనిపించిన ఆవిడ భర్త పింఛనుదారు కాకపోవడమే ఆమె దురదృష్టం. కేరళ ఈ ఇంగితాన్నే పెద్ద ఎత్తున అమలు చేసింది. అతి పేదరికంలో ఉన్న 64,006 కుటుంబాలను గుర్తించి, ఒక్కో కుటుంబానికీ విడిగా ప్రణాళిక రాసి, ఒకరికి ఇల్లు, ఒకరికి మందులు, ఒకరికి కేవలం గుర్తింపు పత్రాలు, ఇలా ఎవరికి ఏది కొరవడితే దాని వెంట పడింది. 2025 నవంబర్ 1న అతి పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకోవడంపై అక్కడి ఆర్థికవేత్తలే ప్రశ్నలు లేవనెత్తారు, అది వేరే చర్చ. కుటుంబానికొక ప్రణాళిక అన్న పద్ధతిని మాత్రం ఎవరూ కాదనలేరు. ప్రభుత్వం, ప్రైవేటు రంగం, ప్రజలు కలిసి నడిచే మన పీ4 కార్యక్రమంలోనూ బంగారు కుటుంబాలని పిలిచే పేద కుటుంబాలున్నాయి, వాటిని దత్తత తీసుకునే మార్గదర్శులనే దాతలున్నారు. దాత మంచి మనసు మీద నడిచే సాయాన్ని తప్పుపట్టను. అయితే దాతకు మనసు మారితే అడిగే హక్కు ఆ కుటుంబానికి ఉండదు.

దీనికి ఎదురుగా వినిపించే వాదన తేలికైనదేమీ కాదు. కిందిస్థాయి ఉద్యోగికి విచక్షణ ఇస్తే చేతివాటం మొదలవుతుందని, పార్టీ జెండా చూసి పనులు చేస్తారని, పింఛన్లు ఇంటికే అందించడానికి సుమారు 50 ఇళ్లకు ఒకరు చొప్పున పెట్టిన వాలంటీర్ల వ్యవస్థ ఎన్నికల వేళ ఎంత వివాదమైందో చూశాం కదా అని అంటారు. 2024 ఏప్రిల్‌లో వాలంటీర్లను పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు ముసలివాళ్లు ఎండలో సచివాలయాలకు నడిచిన మాట నిజమే. ఆ అనుభవం చెప్పేది, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో, శిక్షణ లేకుండా, భద్రత లేకుండా పెట్టిన మనుషుల మీద ఇంత బరువు మోపకూడదనే. శాశ్వత ఉద్యోగి, నిర్ణీత అధికారం, సామాజిక తనిఖీ ఉన్నచోట విచక్షణకు భయపడవలసిన పని లేదు. ఇప్పుడు కూడా విచక్షణ లేకపోలేదు, అది కౌంటరు దగ్గర రేపు రా అనడంలో నడుస్తోంది.

అసలు ఈ భయం వెనుక ఉన్నది పేదవాడి మీద అపనమ్మకం. పార్టీలు మారినా సమీక్షా సమావేశాల్లో అడిగే ప్రశ్న మారదు: అనర్హులను ఎంతమందిని ఏరివేశారు? అర్హత ఉండి అందనివారు ఎంతమంది అని అడిగిన సమీక్ష గురించి వార్త చదివిన గుర్తు లేదు. 2025 ఆగస్టులో వైకల్యం 40 శాతం కంటే తక్కువ ఉందంటూ దివ్యాంగులకు నోటీసులు వెళ్లినప్పుడు, సంవత్సరాల క్రితం డాక్టర్లే ఇచ్చిన సర్టిఫికెట్లు పట్టుకుని వాళ్లు మళ్లీ తమ అవిటితనాన్ని నిరూపించుకోవలసి వచ్చింది. ఆందోళనలు జరిగాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. దొంగ సర్టిఫికెట్లు లేవని కాదు. పది మంది దొంగలను పట్టుకోవడానికి వంద మందిని వరుసలో నిలబెట్టే పద్ధతిని మరే వర్గం మీదా మనం ప్రయోగించం.

మరే వర్గం మీదా ప్రయోగించడం లేదనడానికి ఇదే నగరం సాక్ష్యం. పరిశ్రమలకు అనుమతులన్నీ 21 పనిదినాల్లో ఇవ్వాలంటూ ఈ రాష్ట్రం 2015లోనే సింగిల్ డెస్క్ విధానం తెచ్చుకుంది. పెట్టుబడిదారుడు పది శాఖల చుట్టూ తిరిగితే విసిగి పక్క రాష్ట్రానికి పోతాడని, ఫైలు కదలాలంటే దానికి ఒక మనిషి జవాబుదారీగా ఉండాలని పాలకులకు బాగా తెలుసు. 2025లో విశాఖలోని రుషికొండ దగ్గర ఐటీ సంస్థ టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరాలు కేటాయించినప్పుడు ఉద్యోగాలు వస్తాయన్న నమ్మకం మీద ఆ ఉదారత చూపారు. ఆ నమ్మకాన్ని నేను వెక్కిరించను, ఈ నగరానికి ఉద్యోగాలు కావాలి. రుషికొండ వైపు ఫైలుకు దొరికిన సింగిల్ డెస్క్ హార్బర్ వైపు ఫైలుకు ఎందుకు దొరకదన్నదే నా ప్రశ్న. కోట్లు తెచ్చేవాడిని నమ్మి ముందే ఇస్తాం, తర్వాత తనిఖీ చేస్తాం. 4,000 అడిగేవాడిని ముందు తనిఖీ చేస్తాం, నమ్మకం కుదిరితే ఇస్తాం. పేదరాలు విసిగితే పోవడానికి పక్క రాష్ట్రం లేదు కనుక ఆమె విసుగుకు విలువ లేదనుకోవాలా?

ఈ పని మొదలుపెట్టడానికి జీవో కోసం నెలల తరబడి ఎదురుచూడనక్కరలేదు. హార్బర్ చుట్టుపక్కల, వన్‌టౌన్‌లో, జ్ఞానాపురంలో ఉన్న కొన్ని వార్డు సచివాలయాలను ఎంచుకుని, సంక్షేమ కార్యదర్శిని సర్వేల నుంచి పూర్తిగా తప్పించి ఈ ఒక్క బాధ్యత అప్పగించవచ్చు. సామాజిక సేవలో పీజీ చేసే విద్యార్థులకు క్షేత్రస్థాయి పని చదువులో భాగమే కనుక ఆంధ్రా యూనివర్సిటీ విభాగాన్ని శిక్షణకూ తోడ్పాటుకూ కలుపుకోవచ్చు. అఫిడవిట్ ఖర్చు, ఆటో చార్జీ, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి కూలి వంటి చిన్న ఖర్చులకు పైవాళ్ల అనుమతి అక్కరలేని కొద్దిపాటి నిధిని ఆ ఉద్యోగి చేతిలో ఉంచాలి. పేరు తేడాలు, మ్యాపింగు తప్పులు, మీటరు తగాదాల విషయంలో స్వయంగా ఇంటికి వెళ్లి చూసి రాసిన నివేదికకు కంప్యూటరు చూపే అనర్హత కంటే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఇక నగరపాలక సంస్థ జీవీఎంసీ ప్రతి నెలా ఆ సచివాలయాల గోడ మీద, కుటుంబాల పేర్లు లేకుండా, అంకెలు మాత్రం పెట్టాలి. అందులో మొదటి అంకె పూర్తయిన పనులది కాకూడదు. మూడు నెలలు దాటినా తేలని ఫైళ్లది, వాటి పక్కన అవి ఏ అధికారి బల్ల మీద ఆగాయో చెప్పే హోదాది కావాలి.