ట్రెజరీలో టోకెన్ (బిల్లు అందినట్టు ఇచ్చే నంబరు) పడ్డాక కూడా ఉద్యోగుల బిల్లు ఎందుకు ఆగుతుంది?

ఉద్యోగుల జీతాల కోసం తెలంగాణ ప్రభుత్వం అత్యవసరంగా అప్పు తెచ్చిందని ఒక వార్తలో రాశారు. ఒకటో తారీఖున జీతం పడినంత మాత్రాన అన్నీ పడినట్టు కాదు. రిజర్వు బ్యాంకు దగ్గర రాష్ట్రానికి దొరికే చేబదులు మూడు రకాలు. ముందు సెక్యూరిటీల హామీ మీద స్పెషల్ డ్రాయింగ్ ఫెసిలిటీ, తర్వాత రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీకి) వేస్ అండ్ మీన్స్ అనే తాత్కాలిక అప్పు, అదీ అయిపోతే కనీసం ఇంకో రెండు శాతం ఎక్కువ వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్. ఓవర్‌డ్రాఫ్ట్ వరుసగా 14 పనిదినాలు దాటితే రిజర్వు బ్యాంకు రాష్ట్రం తరఫున చెల్లింపులే ఆపేస్తుంది. అందుకే రాష్ట్రం అప్పు కోసం మంగళవారం పెట్టే బాండ్ల వేలం డబ్బు రాగానే ముందు ఆ బాకీకే సర్దాల్సి వస్తుంది. జీతాలు, పెన్షన్లు ఎలాగోలా వెళ్తాయి. సరెండర్ లీవు (వాడని సెలవులకు ఇచ్చే డబ్బు), మెడికల్ బిల్లులు, చివరికి జీపీఎఫ్ (ఉద్యోగి భవిష్య నిధి) కూడా వెనకబడతాయి. జీపీఎఫ్ ఉద్యోగి దాచుకున్న సొంత సొమ్ము, దాన్నీ ఈ వరుసలో నిలబెట్టడం అన్యాయం.

హన్మకొండ, వరంగల్ ట్రెజరీల చుట్టూ తిరిగేవాళ్లకు ఒక మాట. ఆడిట్ అయిపోయి బిల్లు ఈ-కుబేర్‌కు (రిజర్వు బ్యాంకు చెల్లింపుల వ్యవస్థకు) చేరితే ఎస్‌టీవో (సబ్ ట్రెజరీ అధికారి) చేతిలో ఇక ఏమీ ఉండదు, ఆర్థిక శాఖ డబ్బు విడుదల చేయాల్సిందే. డీడీవో (మీ ఆఫీసులో బిల్లులు పెట్టే అధికారి) దగ్గర టోకెన్ నంబరు, తేదీ రాసుకుని స్టేటస్ చూసుకుంటూ ఉండండి. మార్చి 31లోగా డబ్బు పడని బిల్లు ల్యాప్స్ అవుతుంది, ఏప్రిల్‌లో డీడీవో మళ్లీ పెట్టాలి. పాత టోకెన్ పట్టుకుని ఎదురుచూస్తే నెలలు పోతాయి.

ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) ఖాతా ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. తెలంగాణలోని ఆ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. బిల్లులో పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే ఉంటే, మంజూరైన డబ్బు కూడా వెనక్కి పోవచ్చు.