హబేషా (ఇథియోపియా) గడియారం గారికి, నల్గొండ ఇంగ్లీషు పంతులు రాయునది

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. తమరికేం, ఎప్పుడూ క్షేమమే. తమరిని నమ్ముకున్నవాళ్లే నిన్న మధ్యాహ్నం తాళం వేసిన గది ముందు నిలబడాల్సి వచ్చింది.

నోటీసు బోర్డు మీద డిపార్ట్‌మెంట్ మీటింగు ‘8:00’ అని రాసి ఉంది. ఇథియోపియాలో ఎనిమిదంటే మన రెండు అని ఇక్కడికొచ్చిన ప్రతి తెలుగు లెక్చరరూ మొదటి వారంలోనే నేర్చుకుంటాడు. ఆ ప్రకారం రెండింటికి వెళ్తే కారిడార్‌లో పురుగు లేదు. సంగతేమిటంటే, ఫెరెంజ్ టీచర్లకు, అంటే మాబోటి పరదేశీయులకు, ఇబ్బంది కలగకూడదని ఈసారి మర్యాదగా ఫెరెంజ్ టైమే వేశారట. మీటింగు పొద్దున ఎనిమిదింటికే జరిగింది, టీ తాగారు, కమిటీలు పంచుకున్నారు. రానివాళ్లకు మిగిలిన కమిటీ ఏదో వేరే చెప్పాలా?

తమరి పద్ధతి తెలియక ఈ ఉత్తరం రాయడం లేదు. పొద్దు పొడవడం సున్నా. మన ఏడు గంటలు తమరి ఒంటి గంట. మన పన్నెండు తమరి ఆరు. పొద్దు కుంకితే పన్నెండు, అక్కడి నుంచి రాత్రికి మళ్లీ ఒకటి. దేశం భూమధ్యరేఖకు దగ్గర, అడిస్ అబాబా 9 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఎండాకాలమైనా వానాకాలమైనా సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు వస్తాడు, ఒకే వేళకు పోతాడు. అట్లాంటి చోట పొద్దును బట్టి గంటలు లెక్కపెట్టడం తెలివైన పనే. అర్ధరాత్రి అందరూ నిద్రలో ఉండగా తారీఖు మార్చే మా పద్ధతే నిజానికి విడ్డూరం. ఒప్పుకుంటాం.

మార్చుకునే కిటుకు కూడా తెలుసు. తేడా ఆరు గంటలు కాబట్టి ముళ్ల గడియారంలో గంటల ముల్లుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చదవాలి. ముల్లు ఎనిమిది మీద ఉంటే ఎదురుగా రెండు. తొమ్మిది మీద ఉంటే మూడు. నిమిషాల జోలికి పోనక్కర్లేదు. సెల్‌ఫోన్‌లో ముల్లు ఉండదు కాబట్టి ఆరు కలపడమో తీయడమో చేసుకోవాలి. గోడ మీది గడియారం ఏ లెక్కలో నడుస్తోందో అనుమానం వస్తే మిట్టమధ్యాహ్నం దాకా ఆగాలి. నడినెత్తిన ఎండ ఉండగా అది ఆరు చూపిస్తే తమరి మనిషి, పన్నెండు చూపిస్తే మా మనిషి.

ఇక్కడి భాష అమ్హారిక్‌లో మాట్లాడినంతసేపూ తమరితో పేచీయే లేదు. గంటకు ముందు పూట చెప్తారు. తెవాత్ అంటే పొద్దున, కెసఆత్ అంటే మధ్యాహ్నం, మాతా అంటే సాయంత్రం, లేలిత్ అంటే రాత్రి. ‘తెవాత్ హులెత్ సఆత్’ అన్నారా, మన ఎనిమిది గంటలు, ఢోకా లేదు. చిక్కంతా వాళ్లు ఇంగ్లీషులోకి దిగినప్పుడే. పూట మాట ఎగిరిపోతుంది. దాని స్థానంలో ఏ.ఎం., పి.ఎం. వచ్చి కూర్చుంటాయి. పొద్దున కాబట్టి ‘2 ఏ.ఎం.’ అని రాస్తాడు పిల్లవాడు, అంటే ఎనిమిది గంటలు. చదివేవాడికి అది అర్ధరాత్రి దాటాక రెండు. కొందరు ఆరు కలిపి చెప్తారు, కొందరు కలపరు, కొందరు మన మొహం చూసి అప్పటికప్పుడు నిర్ణయిస్తారు. ఇంగ్లీషు ఎంత బాగా వస్తే అనుమానం అంత ఎక్కువ. రానివాడు చెప్పిన టైముకు బస్సు దొరుకుతుంది, ఫస్టు ర్యాంకు వాడు చెప్పిన టైముకు దొరకదు. ఇంగ్లీషు చెప్పి బతికే మాకు దీన్ని మించిన సన్మానం ఏముంటుంది?

క్లాసులో దినచర్య పాఠం సంగతి తమరు వినాలి. సింపుల్ ప్రెజెంట్ నేర్పి, మీ రోజు ఎట్లా గడుస్తుందో రాయమంటాం. పన్నెండింటికి లేస్తాను, రెండింటికి కాలేజీకి వస్తాను, ఆరింటికి భోజనం చేస్తాను, నాలుగింటికి పడుకుంటాను. క్రియలు ఒప్పే, ప్రిపొజిషన్లు ఒప్పే, స్పెల్లింగ్ ఒప్పే. మార్కులు ఎక్కడ కోయాలి? కోస్తే వాడి జీవితం తప్పని కోసినట్టు. కోయకపోతే రేపు వాడు ఏ విదేశీ కంపెనీ ఇంటర్వ్యూకో ఆరు గంటలు లేటుగా పోతాడు. చివరికి ప్రతి వాక్యం పక్కన ‘ఏ టైము?’ అని రాసి ఊరుకుంటాం.

ఇగ బస్సు. దూరం బస్సులు తెల్లారకముందే కదుల్తయ్. టికెట్ మీద ‘11’ అని ఉంటది, అంటే తెల్లారగట్ల అయిదు. కొత్తోడు పదకొండు గదా అని ఇంత తిని, స్నానం చేసి, తీరిగ్గ బస్టాండుకొస్తడు. బస్సు పోయి ఆరు గంటలు. విమానం టికెట్ మీద మాత్రం మన లెక్కే ఉంటది, ఆడ ఆరు కలిపితే విమానం పోతది. ఒక దేశంల రెండు గడియారాలు, రెండింటికీ అవే పన్నెండు అంకెలు! కనీసం రంగైనా మార్చొచ్చు గదా? నీ అంకెలకు ఎర్ర రంగేస్తే నీ సొమ్మేం పోతది? యాష్టకొచ్చింది నీతోటి. ఇంటికి ఫోను చేద్దామంటే మూడు లెక్కలు కుదరాలె. నల్గొండల తొమ్మిదిన్నర, ఇక్కడ ఏడు, నీ లెక్కల ఒకటి. గింత లెక్కలు చేసుడు వస్తే ఇంగ్లీషు ఎందుకు జదువుతం, మ్యాథ్స్ తీసుకుందుము గదా?

నీ అన్న క్యాలెండరేం తక్కువోడు కాదు. సెప్టెంబరు 11న కొత్త సంవత్సరం, లీపు తిరిగినప్పుడు 12న. 30 రోజులవి పన్నెండు నెలలు, ఆ మీద అయిదో ఆరో రోజులకు పాగుమే అని పదమూడో నెల. మాకన్న ఏడెనిమిదేండ్లు ఎనక. ఉద్యోగం ఆర్డరు మీద 05/02/2017 అని ఏస్తరు. అది తికిమ్త్ నెల అయిదు, అంటే 2024 అక్టోబరు 15. దాన్ని తీసుకొని ఊరికొచ్చి ఏ ఆఫీసుల పెట్టినా, పాస్‌పోర్టు మీద ముద్ర 2024ది, పాఠాలు మాత్రం 2017 ఫిబ్రవరి సంది చెప్పినవా అని క్లర్కు కండ్లద్దాలు తీసి చూస్తడు. కొత్తగ వచ్చేటోళ్లు గుర్తుపెట్టుకోవాలె. తారీఖు పక్కన ఇ.సి. అనో జి.సి. అనో, అంటే ఇథియోపియా లెక్కో గ్రెగోరియన్ లెక్కో, రాయించనిదే ఏ కాయితమూ చేతికి తీసుకోవద్దు. రెండు తారీఖులూ ఏయించుకుంటే ఇంకా మంచిది.

పప్పు గురించి ఎక్కువ చెప్ప. అడిస్ 2,300 మీటర్ల పైన ఉంటది, నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతయ్, కుక్కర్ లేకుంట కందిపప్పు మెత్తగ గాదు. ఇంజెరా అనే ఇక్కడి రొట్టె పులుపు నాలుగు రోజులు మొహం ముడిపిస్తది, అయిదో రోజు సంది అది లేకుంటే ముద్ద దిగదు. బుధవారం, శుక్రవారం ఉపాసం పళ్లెం అడిగితే మాంసం, పాలు, గుడ్డు లేకుంట ఇంజెరా నిండ పప్పులూ కూరలూ పరిచి తెస్తరు. శాకాహారులకు ఈ రెండు రోజులూ పండుగే.

కాఫీ కాడ మాత్రం నువ్వు కూడ నోరు మూసుకుంటవని చూసినం. పచ్చి గింజలు కడిగి, మన ముందరనే పెనం మీద ఏంచి, ఆ పొగ అందరి ముక్కు దగ్గరికి తెచ్చి చూపించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాల కాగబెట్టి పోస్తరు. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి రెండోసారి, మళ్లీ మూడోసారి. అబోల్, తోనా, బెరెకా. మొదటిది చిక్కగ, మూడోది పల్చగ. మూడోది దీవెన, అది తాగకుంట లేస్తే బాగుండదు. గంట పడుతదో గంటన్నర పడుతదో ఆ ఇంట్ల ఎవ్వరూ అడగరు. హబేషానా ఫెరెంజా అనే మాటే రాదు.

ఆడ కూసున్నప్పుడే నీ మీది కోపం కొంచెం దిగుతది, నిజం చెప్పాలె. మన పంచాంగం కూడ రోజును పొద్దుపొడుపు నుంచే గదా మొదలుపెట్టేది. రోజుకు అరవై గడియలని, పొద్దు ఎక్కినకాడి సంది మన తాతలు లెక్కబెట్టినోళ్లే. మూడేండ్లకోసారి అధిక మాసమని మనం పదమూడో నెల కలుపుకుంటం, నీ పాగుమేను చూసి నవ్వే హక్కు మనకేడిది? అమ్హారిక్ అక్షరాలు చూస్తే ఒక్కో హల్లుకు ఏడు రూపాలు, 33 హల్లులకు 231. గుణింతాలు బట్టీబట్టినోనికి బెదురేముంటది? వాక్యంల క్రియ కూడ మన లెక్కనే ఆఖరుకొస్తది. లండనోడు తలకిందులై నేర్చేది మనోడు బస్సుల కూసొని నేర్చుకుంటడు.

మాది పానగల్లు దిక్కు. అక్కడ ఛాయా సోమేశ్వరాలయంల స్తంభం నీడ పొద్దంతా లింగం మీద నుంచి కదలదు. అట్లాంటి నీడ కింద పెరిగినోళ్లకు నీ లెక్క అసలు వింతే గాకపోవాలె. కొత్త సంవత్సరానికి ఇక్కడ వానలు ఎనక్కి పోయి, గుట్టల మీద అదెయ్ అబెబా పసుప్పచ్చగ పూస్తది. ఆడపిల్లలు ఆ పూలు పట్టుకొని ఇంటింటికీ పాడుకుంట తిరుగుతరు. కొన్నాళ్లకే మా ఊళ్ల తంగేడు పూస్తది. ఒక్కటి మాత్రం చెప్త, ఆ పూట ఏ పిల్లా టైము తప్పదు.

రేపు పరీక్ష డ్యూటీ ‘3:00’ అని ఏసిన్రు. పూట లేదు, ఏ టైమో లేదు. పొద్దుగాల తొమ్మిదికొకసారి, పగటీలి మూడింటికొకసారి వస్త. రాత్రి తొమ్మిదో, తెల్లారగట్ల మూడో అయితే మాత్రం ముందుగల్ల చెప్పు, ఇక్కడి చలికి స్వెటర్ ఏసుకొని రావాలె.

ఇట్లు,
నల్గొండ ఇంగ్లీషు పంతులు