మందుకు చందా ఇచ్చినవాళ్లు ధర అడగొద్దా?

అప్పుడప్పుడూ మన వాట్సాప్ గ్రూపుల్లోకి ఓ పసిబిడ్డ ఫొటో వస్తుంది. ఒక్క ఇంజెక్షన్‌కు 16 కోట్లు కావాలి, అదీ రెండేళ్లు నిండేలోపు వేయించాలి. హనుమకొండ చౌరస్తాలో టీ తాగుతూ ఫోన్‌పేలో వంద కొట్టేసి, మెసేజ్ ఇంకో నలుగురికి పంపి, మర్చిపోతాం. నేనూ అలా పంపినవాణ్నే. ఆ బిడ్డ ఏమైందో ఆ తర్వాత కనుక్కోలేదు.

ఆ జబ్బు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. క్లుప్తంగా ఎస్‌ఎంఏ. సుమారు 10 వేల జననాల్లో ఒకరికి వస్తుంది. కండరాలను ఆడించే వెన్నుపాము నాడీకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. బిడ్డకు మెడ నిలవదు, ఆ తర్వాత ఊపిరే కష్టమవుతుంది. కారణం ఎస్‌ఎంఎన్1 అనే జన్యువులో లోపమని 1995లో తేలింది. సాధారణంగా ఆ లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపుల నుంచీ రావాలి. 'కోడలి పుట్టింటి నుంచి వచ్చిన రోగం' అనే మాట ఇంకా వినపడే ఇళ్లలో ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి.

న్యూయార్క్‌లో దినకర్ సింగ్, లోరెన్ ఎంగ్ దంపతుల కూతురికి ఈ జబ్బే వచ్చింది. వాళ్లు డబ్బున్నవాళ్లు. బిడ్డ వైద్యం వరకు చూసుకుని ఊరుకోకుండా 2003లో ఎస్‌ఎంఏ ఫౌండేషన్ పెట్టారు. రోగులు కొద్దిమందే ఉన్న జబ్బుకు మందు కంపెనీలు రావు, లాభం కనపడదు కాబట్టి. మొదటి రిస్కు ఎవరో ఒకరు తీసుకోవాలి. మన శరీరంలో ఎస్‌ఎంఎన్2 అని ఇంకో జన్యువు ఉంటుంది. స్టెపినీ టైరు అనుకోండి, కానీ గాలి చాలని స్టెపినీ. దానితోనే బండి నడిపించే మందు కోసం 2006లో ఫౌండేషన్ పీటీసీ అనే కంపెనీతో చేతులు కలిపింది. 2011లో స్విట్జర్లాండ్ మందుల కంపెనీ రోష్ వచ్చి చేరింది. 2020 ఆగస్టులో అమెరికాలో రిస్డిప్లామ్ అనే ఆ మందుకు అనుమతి దొరికింది. ఆ 16 కోట్ల ఇంజెక్షన్ కాదు, ఇది రోజూ ఇంట్లోనే తాగించే మందు. 14 ఏళ్ల ఓపిక అది. ఆ తల్లిదండ్రులకు దండం పెట్టాల్సిందే.

అయితే ఆ సీసా మన దేశానికి వచ్చేసరికి ధర సుమారు 6 లక్షలు. 20 కిలోలు దాటిన పిల్లలకు రోజుకు 5 మిల్లీగ్రాములు, సీసాలో 60. అంటే 12 రోజులకో సీసా, ఏడాదికి 30. కోటీ 80 లక్షలు. అదీ జీవితాంతం. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద కేంద్రం ఇచ్చే సాయానికి పరిమితి మనిషికి 50 లక్షలు. వరంగల్ నుంచి హైదరాబాద్ నిమ్స్ దాకా తిరిగి, కాగితాలన్నీ కట్టి, ఆ మొత్తం చేతికందినా ఎనిమిది సీసాలు. మూడు నెలలు దాటగానే ఖాళీ.

దీన్ని మార్చింది దానధర్మం కాదు, కోర్టు కేసు. హైదరాబాద్ కంపెనీ నాట్కో ఇదే మందు చేస్తామంటే రోష్ పేటెంట్ పేరుతో అడ్డుపడింది. అంతకుముందే ఉన్న పాత పేటెంట్‌లోని దానికీ ఈ మందుకూ పెద్ద తేడా లేదన్న నాట్కో వాదనలో ప్రాథమికంగా బలముందని ఢిల్లీ హైకోర్టు భావించింది. 2025 మార్చిలో ఒకసారి, అక్టోబర్‌లో అప్పీల్‌లో మరోసారి రోష్‌కు చుక్కెదురైంది. సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధర 15,900. ఇప్పుడు అదే 50 లక్షలతో పదేళ్ల మందు వస్తుంది!

అధిక ధర లేకపోతే పరిశోధనే ఉండదని కంపెనీలు అంటాయి. నాకు ఇది సగం నిజంలాగే కనపడుతుంది. చివరి దశ ప్రయోగాలకు అయ్యే ఖర్చు ఏ కుటుంబమూ మోయలేదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ ముందుకు రాని రోజున జేబులో చెయ్యి పెట్టింది తల్లిదండ్రులు. వినాయక మండపానికి ఐదొందలు రాసిన మనమే నిమజ్జనం అయ్యాక లెక్క చెప్పమంటాం. పరిశోధనకు చెక్కు రాసేవాళ్లు, పేద దేశాల్లో ఆ మందును ఎంతకు అమ్ముతారో ఒప్పందంలోనే రాయించుకోవడం తప్పేమీ కాదు. మరీ గట్టిగా పట్టుబడితే కంపెనీ లేచిపోవచ్చు. ఆ భయం ఉన్నా అడగాలనే నేనంటాను. మందు మార్కెట్లోకి వచ్చాక అడిగితే వినే నాథుడుండడు.

మన దగ్గరా ఇలాంటి తల్లిదండ్రులు ట్రస్టులు పెడుతున్నారు. భారత్‌లో ఎస్‌ఎంఏ కోసం 2014లో మొదలైన సంస్థా అలా పుట్టిందే. ఓరుగల్లులో ఎవరైనా పూనుకుంటే ల్యాబ్ కట్టక్కర్లేదు. ఏ మండలంలో ఎంతమంది పిల్లలున్నారో పేర్లు రాసిపెట్టినా, తర్వాతి కాన్పుకు ముందు ఆ దంపతులకు జన్యు పరీక్ష చేయించినా చాలా పని జరిగినట్టే. ధర గురించి మాట్లాడాల్సిన రోజున ఆ పేర్ల జాబితాయే బలం.

మాట్లాడాల్సింది ఇంకా ఉంది. 15,900 చొప్పున 30 సీసాలంటే 4 లక్షల 77 వేలు. పరకాల వైపు పత్తి రైతుకు అది ఇప్పటికీ ఏటా కొంత పొలం అమ్ముకోవడమే.