పద్యనాటకానికి రండి, కళాసేవకి మాత్రం వద్దు

పద్యనాటకం చచ్చిపోతోందని బాధపడేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారంటే, వాళ్లలో సగం మంది ఒక్క రాత్రి బయల్దేరి వచ్చినా నాటక పోటీలు పెట్టే ఏ ఊరి పరిషత్తులోనూ కుర్చీలు సరిపోవు. కానీ రారు. ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగంగారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం అని ఎవరో పంపితే గుర్తొచ్చి, ఆయన ఫొటో స్టేటస్‌లో పెట్టి, కింద ‘మన కళల్ని మనమే కాపాడుకోవాలి’ అని రాసి, దండం బొమ్మ ఒకటి తగిలించి, భోంచేసి పడుకుంటారు. తప్పని నేననను. సంతాపం చెప్పడానికి శవం దగ్గరికే వెళ్లాలని రూలేం లేదు కదా. ఒక్కటే చిక్కు, పోయాడనుకుంటున్న మనిషి ఇంకా స్టేజి పక్కన నిలబడి హార్మోనియం వాయించే ఆయనతో శ్రుతి గురించి గొడవపడుతున్నాడు.

(మధ్యలో ఒక మాట. వీరేశలింగంగారు 1880లో రాజమండ్రిలో ఆడించింది పద్యనాటకం కాదు, ‘వ్యవహార ధర్మబోధిని’ అని ప్లీడర్ల మోసాల మీద ప్రహసనం. ఆ సబ్జెక్టు ఇంకా పాతబడలేదు. సరే, అది వేరే వ్యాసం.)

అందుకని నేను కళాసేవ, సంస్కృతి, వారసత్వం అనే మాటల జోలికి పోను. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పెట్టినప్పటి నుంచీ పరిషత్తులవాళ్లు ఆ మాటలతోనే పిలుస్తున్నారు, మనం ఆ మాటలకి చప్పట్లు కొట్టి ఇంట్లోనే కూర్చుంటున్నాం. పచ్చి స్వార్థంతో రండి. ఏం లాభమో నేను చెప్తాను.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే మనం ముందు చూసేది అదే. పరిషత్తు నాటకాలకి చాలాచోట్ల టికెట్టే ఉండదు. రాజుగారు, మంత్రి, నలుగురు భటులు, అద్దెకి తెచ్చిన సింహాసనం, తబలా, హార్మోనియం, ఇంతమంది అర్ధరాత్రి దాకా మీ కోసం గొంతు చించుకుంటారు, మీరు పైసా ఇవ్వక్కర్లేదు. బాగాలేదని లేచి వెళ్లిపోయినా ఎవరూ ఏమీ అనరు, మహా అయితే దుర్యోధనుడు ఒకసారి చూస్తాడు.

రెండోది, స్పాయిలర్ల బెడద లేదు. కొత్త సినిమా వచ్చిందంటే మూడు రోజులు ఫోన్ చూడ్డానికి భయపడే జనానికి ఇది ఎంత సుఖమో ఆలోచించండి. కృష్ణుడు రాయబారానికి వెళ్తాడు, సంధి కుదరదు. హరిశ్చంద్రుడు పెళ్లాన్ని అమ్ముతాడు, కొడుకుని అమ్ముతాడు, తనూ అమ్ముడుపోతాడు, అబద్ధం మాత్రం ఆడడు. చివరికి ఏమైందో మీ నాయనమ్మకి తెలుసు, పక్క కుర్చీలో ఆయనకి తెలుసు, స్టేజి మీద ఉన్న విశ్వామిత్రుడికీ తెలుసు. ఏం జరుగుతుందన్న టెన్షన్ పోయాక మిగిలేది ఎలా పాడతాడన్నదే. డాక్టర్లు బీపీ మాత్రలు రాసే ముందు ఒకసారి ఈ దారి కూడా చూడొచ్చు.

హీరోల విషయంలో అయితే ఈ లాభం ఇంకెక్కడా దొరకదు. పోటీ నాటకాల్లో కాదు, తిరునాళ్లలో, ఉత్సవాల్లో ఆడేవాటిలో చూడండి, పోస్టరు మీదే ఉంటుంది: ఒకటవ కృష్ణుడు ఫలానా, రెండవ కృష్ణుడు ఫలానా. పడక సీనులో కళ్లు మూసుకుని పడుకున్న కృష్ణుడు సన్నగా, నల్లగా ఉంటాడు. హస్తినకి వెళ్లేసరికి అదే కృష్ణుడు బాగా ఒళ్లు చేసి, నాలుగు అంగుళాలు పెరిగి ఉంటాడు. కౌరవసభలో భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, విదురుడంతటి తెలివైనవాడున్నాడు, ‘మొన్న వచ్చినాయన వేరు కదా’ అని ఒక్కరూ అడగరు. మనకి మాత్రం ఇది వింతా? ఎన్నికల ముందు మన గుమ్మంలోకి వచ్చిన మనిషీ, గెలిచాక మనకి కనిపించే మనిషీ ఒకరేనని మనం ఒప్పుకోవడం లేదూ?

ఇక పద్యం. దీని దగ్గర కాస్త ఆగాలి.

రాయబారంలో అందరూ ఎదురుచూసే జెండా పద్యం, ‘జెండాపై కపిరాజు’ అని మొదలయ్యేది, ఉంది కదా, తిరుపతి వేంకట కవులది, శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకి 76. మామూలుగా చదివితే అర నిమిషం కూడా పట్టదు. కృష్ణుడు దాన్ని ఎలా మొదలుపెడతాడో దగ్గర్నుంచి చూడండి. ముందు పైనుంచి వేలాడే మైకు ఎక్కడుందో ఒక చూపు చూసుకుంటాడు. రెండడుగులు జరిగి సరిగ్గా దాని కిందకి వస్తాడు. కిరీటం కదలకుండా గడ్డం పైకెత్తుతాడు. పక్కన హార్మోనియం ఆయన ఎడం చేత్తో తిత్తి నొక్కుతూ, కుడిచేత్తో ఒక్క మెట్టు పట్టుకుని, కళ్లు మాత్రం కృష్ణుడి పెదాల మీదే పెట్టి కూర్చుంటాడు. మొదటి పాదం దుర్యోధనుడికి చెప్తాడు. రెండో పాదానికి దుర్యోధనుణ్ణి మర్చిపోయి మనవైపు తిరుగుతాడు. నాలుగో పాదం అయిపోయాక, అంటే చెప్పాల్సిన ముక్క పూర్తిగా చెప్పేశాక, అసలు పని మొదలవుతుంది. చివరి అక్షరాన్ని పట్టుకుని రాగంలోకి దిగుతాడు, పైకి వెళ్తాడు, అక్కడ కాసేపుంటాడు, మెడ నరాలు ఉబ్బుతాయి, వెనక వరుసలో ముసలాయన ‘ఆహా’ అంటాడు, ఆ ఆహా విని ఇంకో మెట్టు ఎక్కుతాడు. ఊపిరితిత్తుల పటుత్వం పెంచుతామని చెప్పే క్లాసులకి డబ్బు కట్టేవాళ్లు ఒకసారి ఇది చూసి వెళ్లాలి.

అప్పుడు జనం ‘వన్స్ మోర్’ అంటారు.

మనకి అడిగింది అడిగిన వెంటనే జరిగే వ్యవస్థ ఏదైనా ఉందంటే అది ఇదే. దరఖాస్తు అక్కర్లేదు, ఆధార్ కార్డు అక్కర్లేదు. అరిస్తే చాలు, ద్వారకనుంచి వచ్చిన దేవుడు మళ్లీ మైకు కిందకి వస్తాడు. కానీ ఆ సమయంలో నా చూపంతా దుర్యోధనుడి మీదే ఉంటుంది. పాపం ఆయన పరిస్థితి ఎవరికీ పట్టదు. కురువంశం నాశనమవుతుందన్న బెదిరింపు ఒకసారి విన్నాడు, దానికి తగ్గట్టు మీసం దువ్వాడు, కోపంతో సింహాసనంలోంచి సగం లేచాడు. ఇప్పుడు మళ్లీ కూర్చోవాలి. అదే బెదిరింపు, అదే రాగం, ఇంకో నాలుగు నిమిషాలు. విని, మొదటిసారి విన్నట్టే మళ్లీ సగం లేవాలి. జనం ఉత్సాహంగా ఉంటే మూడోసారి కూడా. భారతయుద్ధానికి పండితులు చాలా కారణాలు చెప్పారుగానీ, ఈ కారణం ఎవరికీ తట్టినట్టు లేదు.

ఏడవడానికి వచ్చేవాళ్లకి హరిశ్చంద్ర కాటి సీను ఉంది. డి.వి. సుబ్బారావుగారు, చీమకుర్తి నాగేశ్వరరావుగారు లాంటివాళ్లు ఆ ఒక్క సీనుతో ఊళ్లకి ఊళ్లని కదలకుండా కూర్చోబెట్టారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. కానీ కర్ర భుజాన వేసుకుని శ్మశానంలోకి వచ్చిన హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో జనం ఊపిరి బిగబట్టి వినేవి గుర్రం జాషువావి, ‘శ్మశానవాటి’లోంచి నటులు తెచ్చి కలుపుకున్నవి. కులం పేరుతో ఆ కవి పడిన అవమానాలు ఆయనే రాసుకున్నాడు. పద్యాన్ని మాత్రం ఎవరూ దూరం పెట్టలేదు. రాజుగారు కాటికాపరి అయ్యాడని వెక్కివెక్కి ఏడ్చి, తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ ఇంటికెళ్లిన ఊళ్లలోనే, నిజం కాటికాపరికి టీ కొట్టులో గ్లాసు వేరుగా ఉండేది. మర్నాటికి ఏ బాధ్యతా మిగలకుండా ఇంత హాయిగా ఏడ్చే సౌకర్యం ఇంకెక్కడా లేదు, వదులుకోకండి.

చరిత్ర కావాలనుకునేవాళ్లకి ఒకటి రెండు ముక్కలు. మగవాళ్లు ఆడవేషం కడితే ఇప్పుడు కొందరికి పరువు పోతుందిగానీ, జీవితమంతా సత్యభామ, చిత్రాంగి లాంటి వేషాలు కట్టిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. రఘురామయ్యగారు ఈలతోనే రాగాలు పలికించి ఇంటిపేరే ఈలపాట చేసుకున్నారు. మామూలుగా ఈల ప్రేక్షకుల దగ్గర్నుంచి వస్తుంది, ఆయన నాటకంలో స్టేజి మీద నుంచి వచ్చేది. పిల్లలుంటే సురభివాళ్ల నాటకానికి తీసుకెళ్లండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలై, తాతల నుంచి మనవల దాకా ఇంటిల్లిపాదీ వేషాలు కట్టే సమాజం. బాణాలు గాల్లో కొట్టుకుంటాయి, నారదుడు పైనుంచి దిగుతాడు. మీ వాడు తీగ కనిపించిందని అంటాడు. అననివ్వండి. గ్రాఫిక్సులో తీగ కనిపించదు కాబట్టి దాన్ని కనిపెట్టిన ఆనందం కూడా ఉండదు.

చివరగా సన్మాన సభ. దీని గురించి జనంలో అపోహలున్నాయి. నాటకం ఆలస్యం కావడానికి ఇదే కారణమని తిడతారు. నిజానికి సభే అసలు కార్యక్రమం, నాటకం దాని తర్వాత ఉండే వినోదం. జ్యోతి వెలగదు, ఫ్యాన్ ఆపుతారు, వెలుగుతుంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఇంకా పేరు పెట్టని అతిథులు వరసగా శాలువాలు కప్పించుకుంటారు. ఈ కళని బతికించుకోవాలని ఒక్కొక్కరూ విడివిడిగా చెప్తారు. తెర వెనక హరిశ్చంద్రుడి మేకప్ చెమటకి కారుతూ ఉంటుంది, లోహితాస్యుడు వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోయి ఉంటాడు, వాణ్ణి చచ్చిపోయే సీను కోసం మళ్లీ లేపాలి. ఆఖరి వక్త ‘సమయాభావం వల్ల’ అని మొదలుపెట్టి అరగంట మాట్లాడి, వేరే కార్యక్రమం ఉందని చెప్పి, శాలువాతో సహా వెళ్లిపోతాడు. ఆయన వెనకాలే మిగతా అతిథులూ, వాళ్లని కారెక్కించడానికి నిర్వాహకుల్లో సగం మందీ. నాటకం మొదలవుతుంది.

మీరు సరిగ్గా అప్పుడు రావాలి. ముందు వరుసలో మెత్తటి సోఫాలు, తెల్ల దుప్పటి పరిచి, మంచినీళ్ల సీసాలతో సహా ఖాళీగా ఉంటాయి. మొహమాటపడకుండా వెళ్లి కూర్చోండి, ఎవరూ లేవమనరు. పైగా వీడియోలో ముందు వరుస బోసిపోయి కనిపిస్తుందని కార్యదర్శే వచ్చి కాళ్లు చాపుకోమంటాడు. ఫొటో తీస్తారు, కాస్త గంభీరంగా మొహం పెట్టండి. మర్నాడు జిల్లా పేజీలో మీ బొమ్మ వస్తుంది, కింద ‘నాటకాన్ని తిలకిస్తున్న ప్రముఖులు’ అని.