లెక్క మారకుండా ఒత్తిడి తగ్గదు

పరిశోధక విద్యార్థులకు ఒత్తిడిని తట్టుకోవడం నేర్పే శిక్షణ తరగతులు ఈ మధ్య బాగా పెరిగాయి. సమయాన్ని ఎలా సర్దుకోవాలో, ఊపిరి ఎలా పీల్చుకోవాలో చెబుతారు. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ల్యాబుకు తిరిగి వెళ్లగానే గైడు అడిగేది ఒక్కటే: ఈ ఏడాది ఎన్ని పేపర్లు వేశావు?

నా కోపమంతా ఆ ప్రశ్న మీదే. 2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో వచ్చిన ఒక సర్వే ప్రకారం, పరిశోధక విద్యార్థుల్లో కుంగుబాటు, ఆందోళన సాధారణ జనంలో కన్నా ఆరు రెట్లు ఎక్కువ. తమంతట తాము ముందుకొచ్చి జవాబిచ్చినవాళ్ల లెక్క కాబట్టి ఆ అంకెను కాస్త తగ్గించి చూసినా, ఇంతమంది ఒకేసారి బలహీనులై పుట్టారని ఎలా నమ్మాలి?

భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ 1964లో చేసిన పనికి 2013లో నోబెల్ వచ్చింది. నేటి పద్ధతిలో తనకు అధ్యాపక ఉద్యోగమే దొరకదని, తన ఉత్పాదకత చాలదంటారని ఆ ఏడాదే ఆయన ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. గణిత శాస్త్రవేత్త ఆండ్రూ వైల్స్ ఫెర్మా చివరి సిద్ధాంతం అనే పాత గణిత సమస్య మీద దాదాపు ఏడేళ్లు రహస్యంగా పనిచేశారు. 1993లో ప్రకటించాక నిరూపణలో లోపం బయటపడితే, సరిదిద్దడానికి మరో ఏడాది పైనే పట్టింది. ఆయనకు శాశ్వత ఉద్యోగం ఉంది, ఆగగలిగారు. ఏటేటా కాంట్రాక్టు పొడిగింపు కోసం ఎదురుచూసే యువ పరిశోధకురాలు ఏ ధైర్యంతో ఆగుతుంది? ఒక్క ఫలితాన్ని మూడు పేపర్లుగా విడగొడుతుంది. ఆ మూడింటినీ సమీక్షించాల్సినవాళ్లు, జీతం లేని ఆ పనికి తమ రాత్రులు ఖర్చుపెడతారు. ఆ అలసటలో తప్పులు కంటపడవు. నష్టపోయేది ఆరోగ్యం ఒక్కటే కాదు, శాస్త్రం కూడా.

దారి లేదనే మాట ఒప్పుకోను. జర్మనీ పరిశోధన నిధుల సంస్థ డీఎఫ్‌జీ 2010లోనే, దరఖాస్తుదారు తన పరిచయపత్రంలో ఐదు ముఖ్యమైన ప్రచురణలకు మించి చూపకూడదని నియమం పెట్టింది. నియామకాల, పదోన్నతుల కమిటీల్లో కూర్చునే సీనియర్ ఆచార్యులు ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు. మూడు పేపర్లు అడగండి, వాటిని పూర్తిగా చదివి రండి, జాబితా పొడవు గురించి అడగడం మానేయండి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.